కుడిచేతి పగడం

ఆడవాళ్లకైతే సవతి అని ఒక మాట ఉంది. మగవాడికి అలాంటి మాట మనవాళ్లెవరూ తయారుచేసి పెట్టలేదు. అందుకని మా ముందుగదిలో గాజుతొట్టెలో కాపురం పెట్టినదాన్ని నేను కూడా సవతి అనే పిలిచేవాణ్ణి.

"సవతికి టిఫిన్ పెట్టడం అయిందా?" అని పొద్దున్నే బేకరీ నుంచి వస్తూనే అడిగేవాణ్ణి.

"నోటికి ఏదొస్తే అది అనీకు బావా. పిల్ల వింటాది," అనేది విరజ, తల తిప్పకుండానే.

తల తిప్పకుండానే అన్నది గమనించండి. నా బాధంతా అక్కడే ఉంది.

విరజ నా మేనమామ కూతురు, నా భార్య. భీమిలి రోడ్డులో సముద్రజీవుల మీద పరిశోధన చేసే ఒక సంస్థలో శాస్త్రవేత్త. నా పేరు పైడిరాజు, పెదవాల్తేరులో బేకరీ నడుపుతాను. చదువులో తనకీ నాకూ పోలిక లేదని చుట్టాలందరికీ తెలుసు, నాకు మరీ బాగా తెలుసు. అయినా తన డిగ్రీలను చూసిగానీ, తనతో పనిచేసే మగవాళ్లను చూసిగానీ నాకెప్పుడూ కడుపుమంట పుట్టలేదు. ఆ తొట్టె వచ్చాకే ఆ రోగం పట్టుకుంది.

తొట్టెలో ఉన్నది కొబ్బరికాయంత రాయి. దానినిండా చొక్కా బొత్తాలంతేసి పగడపు పువ్వులు. నడుమ లేత ఆకుపచ్చ, అంచున కాషాయం. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి, అబద్ధమెందుకు చెప్పాలి? కానీ ఒళ్లంతా విషం. తెచ్చిన రోజున విరజ మోచేతులు దాటిన గ్లవుజులు తొడుక్కుని, కళ్లకు వెల్డింగు చేసేవాళ్లలా అద్దాలు పెట్టుకుని ఆ రాయిని నీళ్లలోకి దించింది. మూతకు తాళం వేసి, తాళంచెవి మెళ్లో వేసుకుంది. ఆ తొట్టె బకెట్టు వంటింటి వైపు రాకూడదంది. చేతిమీద చిన్న గీత పడ్డా ఆ మూలకు పోవద్దంది.

రాయికి పాచి పట్టి ఉండడం చూసి నేను ఉచిత సలహా ఒకటి పారేశాను. "మా ట్రేలకి జిడ్డు పడితే మరిగే నీళ్లు పోస్తాం. ఓ గిన్నెడు పోసీమంటావేటి?"

విరజ ముఖం పాలిపోయింది. "నవ్వులాట కాదు బావా. దీనిమీద వేడినీళ్లు పడితే ఆవిరితో పాటు విషం లేస్తాది. కిటికీలు తీసేలోపు ముగ్గురం పడిపోతాం. దీన్ని చంపాలంటే బ్లీచింగు నీళ్లే. గుర్తెట్టుకో."

"మరి అంత గొప్పదాన్ని పిల్ల తిరిగే ఇంట్లో ఎందుకెట్టినట్టు?"

"మచ్చిక చెయ్యడానికి."

ఇళ్లలో పగడాలు పెంచుకునే పిచ్చి ఊరూరా పాకింది. ఏది విషమో ఏది కాదో తెలియక ఆస్పత్రుల పాలయ్యేవాళ్లూ ఎక్కువయ్యారు. విరజ ఆలోచన ఏమిటంటే, ఆ పగడానికి మనిషి చేతి రుచి నేర్పడం. ఎవరినీ ఎరగదు కాబట్టి అందరిమీదా విషం చిమ్ముతుంది. ఒక్క చేతిని ఎరిగిందంటే ఆ చేతి దగ్గర విషం దాచుకుంటుంది. అలా రుచి గుర్తుపెట్టుకునే రకాన్ని పరిశోధనశాలలో తయారుచేశారు. అయితే అక్కడ పదిమంది చేతులు, పదిరకాల మందుల వాసన. అందుకని ఇంటికి తెచ్చింది. రోజూ తన కుడి అరచేతిని దూదితో తుడిచి, ఆ దూదిని పటకారుతో నీళ్లలో ముంచేది. వానాకాలమంతా అదే పని. వానలు వెనకబట్టాక ఒకరోజు గ్లవుజు తీసేసింది.

ఆ పొద్దున నేను రొట్టెల పొట్లంతో గుమ్మంలోనే నిలబడిపోయాను. విరజ ఒట్టి చెయ్యి నీళ్లలో ఉంది. బొత్తాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి విచ్చుకుని ఆ చేతివైపు వాలుతున్నాయి. కొన్ని వేళ్ల సందుల్లోకి దూరి నిమురుతున్నాయి. విరజ పెదాలు కాస్త తెరుచుకుని ఉన్నాయి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. మా అమ్మాయి తుషార పుట్టినప్పుడు నర్సు పిల్లను చేతికిస్తే ఎలా చూసిందో అలా చూస్తోంది. నావైపు మాత్రం ఎప్పుడూ అలా చూడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. నా రొట్టెలు నేనే వంటింట్లో పడేసి మళ్లీ బేకరీకి పోయాను.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఒక సాయంత్రం ముగ్గురం బీచికి వెళ్లాం. మురీ మిక్చరు తిన్నాం. చాన్నాళ్లకు విరజ తనంతట తనే నా చెయ్యి పట్టుకుంది. మర్నాడు పొద్దున తొట్టెలో చెయ్యి పెట్టేముందు ఎప్పటిలాగే పరీక్ష చేసింది. ఆ రాయి నుంచి తీసిన నాలుగు బొత్తాలు వేరే గిన్నెలో ఉండేవి. అరచెయ్యి తుడిచిన దూదిని ముందు ఆ గిన్నెలో వేసి, నీళ్లలో ఒక కాగితం ముక్క ముంచాలి. కాగితం తెల్లగా ఉంటే చెయ్యి పెట్టొచ్చు. ఆరోజు కాగితం బీట్‌రూటు రంగుకు తిరిగింది.

విరజ చాలాసేపు ఆ కాగితాన్నే చూసింది. "రాత్రి సబ్బుతో కడుక్కున్నాను కదా," అని గొణుక్కుంది. తర్వాత నా చేతులు చూసింది. "నీ చేతుల వెన్న వాసన ఇది గుర్తుపట్టింది బావా. నా చేతిమీద ఇంకో మనిషి ఉంటే ఓర్చుకోలేకపోతోంది."

"అంటే దానికి కుళ్లు."

"కుళ్లు కాదు. రుచి మారిందంతే."

"నాకూ అంతే. రుచి మారింది," అన్నాను.

ఆరోజు నుంచి మా ఇంట్లో వ్యవహారం తలకిందులైంది. లోకంలో ఎవరైనా విషాన్ని ముట్టుకోవడానికి గ్లవుజు తొడుక్కుంటారు. మా ఆవిడ మమ్మల్ని ముట్టుకోవడానికి తొడుక్కునేది. కుడిచేతికి పొద్దస్తమానం తెల్లటి గుడ్డ గ్లవుజు. అన్నం స్పూనుతో. తుషారకు జడ వేయాలన్నా, తలనూనె అంటుతుందని గ్లవుజుతోనే. రాత్రి పడుకునేటప్పుడు ఆ చేతిని తన పక్కన వేరే దిండుమీద పెట్టుకునేది. ఎడమచెయ్యి మాది, కుడిచెయ్యి దానిది. అలా పంపకాలు జరిగిపోయాయి.

ఆషాఢంలో తుషార పక్కింటి పెరట్లోంచి గోరింటాకు కోసుకొచ్చింది. మా ఇంట్లో గోరింటాకు రుబ్బేది నేనే; పిండి పిసికే చేతులకు అదొక లెక్క కాదు. తల్లీకూతుళ్లకు పెట్టేదీ నేనే. విరజ ఎడమచెయ్యి చాపింది.

"రెండోది?" అన్నాను.

"రంగు నెలరోజులుంటాది బావా. అప్పుడది నన్ను పోల్చుకోలేదు."

"నేను పోల్చుకుంటాను కదా."

విరజ కుడిచెయ్యి ఒళ్లోకి లాక్కుంది. ఎర్రగా పండితే మొగుడికి ప్రేమెక్కువ అంటారు కదా, తుషార పొద్దున్నే తల్లి చెయ్యి పట్టుకుని చూసి, "ఏటమ్మా, నారింజరంగే వచ్చింది," అని మూతి ముడిచింది. సగం చెయ్యి ఇస్తే సగమే పండుతుంది మరి. ఆ మాట పైకి అనలేదు గానీ, రోజంతా మనసులో అనుకుంటూనే ఉన్నాను.

తర్వాత నేను చెయ్యని తిక్కపని లేదు. విరజ ఆ తొట్టె ముందు కూర్చుందంటే చాలు, నాకు ఏదో ఒకటి గుర్తొచ్చేది. తొట్టె కారుతోందనేవాణ్ణి. ఏదో వాసన వస్తోంది, గుండె దడగా ఉంది, నోరు చేదుగా ఉందనేవాణ్ణి. పాపం విరజ ప్రతిసారీ కంగారుపడి లేచేది, కిటికీలు తెరిచేది, నీళ్లు పరీక్షించేది. ఏమీ ఉండేది కాదు. క్రమంగా లేవడం మానేసింది. "మళ్లీ మొదలెట్టావా బావా," అనేది, తల తిప్పకుండానే.

దసరా వెళ్లాక సంస్థ డైరెక్టరు ముకుందంగారు మా ఇంటికి వస్తున్నట్టు కబురు చేశారు. ఆయనతో పాటు బయటి ఊళ్ల నుంచి వ్యాపారస్తులు కొందరు. విరజ వాళ్లందరి ముందూ ఒట్టి చెయ్యి తొట్టెలో పెట్టి చూపించాలి. వాళ్లకు నచ్చితే మచ్చిక పగడాలు ఇంటింటికీ వెళ్తాయి. విరజ పేరు దేశమంతా తెలుస్తుంది. ఇది అయిపోతే తొట్టె మళ్లీ పరిశోధనశాలకు వెళ్లిపోతుందని విరజ నాకు మాటిచ్చింది. కుడిచెయ్యి నాకు తిరిగొస్తుందన్నమాట. ఆ ఆశతోనే నేను వచ్చేవాళ్ల కోసం పఫ్‌లు, దిల్‌పసంద్ చేసి పెట్టాను.

ఆరోజు ముందుగది నిండిపోయింది. విరజ పట్టుచీర కట్టుకుంది. పొద్దున్నే పరీక్ష చేసింది, కాగితం తెల్లగానే వచ్చింది. అందరూ చూస్తుండగా మూత తాళం తీసింది, గ్లవుజు విప్పింది. తుషారకు పెద్దవాళ్ల వీపులు అడ్డొచ్చి కనిపించలేదు. ఎప్పుడు లాక్కుందో, ఎత్తుపీట మీదికెక్కి తొట్టెలోకి తొంగిచూసింది. పీట ఒరిగింది.

విరజ ఒక్క ఉదుటున పిల్లను పట్టుకుంది. రెండు చేతులతోనూ పట్టుకుంది. చెమటతో తడిసిన పిల్ల మెడ, బుగ్గ ఆ కుడి అరచేతిని గట్టిగా తాకాయి. పిల్లకు ఏమీ కాలేదు. అందరూ అమ్మయ్య అనుకున్నారు. నేను మాత్రం ఆ చేతినే చూస్తున్నాను.

విరజ పక్కనున్న ఉప్పునీళ్లతో చెయ్యి కడుక్కుంది. పరీక్ష గిన్నెవైపు చూసింది.

"అదంతా మళ్లీ చెయ్యాలామ్మా? వీళ్లకి విమానం టైమవుతోంది," అన్నారు ముకుందంగారు.

"వద్దు విరజా. పరీక్ష చెయ్యి," అన్నాను నేను.

విరజ నావైపు తిరిగింది. చాన్నాళ్లకు తల తిప్పి చూసింది, కానీ ఆ చూపులో ఉన్నది విసుగు. "మళ్లీ మొదలెట్టావా," అని ఆ కళ్లే అన్నాయి. దగ్గరగా వచ్చి నాకు మాత్రమే వినిపించేలా, "అది నా కడుపున పుట్టిన పిల్ల బావా. దాని చెమట నాదే," అంది. నిజంగానే నమ్మి అంది. ఎంత చదువుకున్నా అమ్మ అమ్మే కదా. నేను ఇంకోసారి వద్దన్నాను. నా మాటకు అప్పటికే విలువ లేదు. ఆ విలువ పోగొట్టింది నేనే.

చెయ్యి నీళ్లలోకి వెళ్లింది. బొత్తాలు విచ్చుకోబోయి ఆగాయి. అన్నీ ఒక్కసారిగా మూసుకున్నాయి. నీళ్లలో సన్నటి తెల్లటి పొగలాంటిది తేలింది. తుషారలో సగం నేను కదా, ఆ సగాన్ని అది పట్టేసింది.

విరజ చెయ్యి బయటికి లాగింది. బొటనవేలి గోరు పక్కన కాస్త తోలు లేచి ఉంది, అంతే. అంత సందు చాలట. "నోట్లో ఇనుము రుచి వస్తోంది," అంది మెల్లగా. పెదాలు తిమ్మిరెక్కాయంది. మోకాళ్లు వంగిపోతుంటే నేను పరిగెత్తాను.

"ముట్టుకోకు! గ్లవుజులు!" అని అరిచింది.

అంత ప్రాణం మీదికొచ్చిన సమయంలోనూ నా భార్యను నేను గ్లవుజులు తొడుక్కునే ఎత్తుకున్నాను.

ఆస్పత్రిలో విరజ ఊపిరికి యంత్రం పెట్టారు. గుండె తప్పి తప్పి కొట్టుకుందన్నారు. తుషారను పక్కింటివాళ్ల దగ్గర ఉంచి నేను ఆ వరండాలోనే ఉన్నాను. దేవుళ్లందరికీ మొక్కాను. మొక్కుతూ కూడా ఆ పగడాన్ని తిట్టుకున్నాను. తర్వాత పరిశోధనశాలవాళ్లు నీళ్లు పరీక్షించి చెప్పారు: మామూలు పగడం కంటే దానిలో విషం ఎన్నో రెట్లు ఎక్కువైందట. మచ్చికైన చేతి దగ్గర దాచుకున్నదంతా పోగుపడిందట.

విరజ బతికింది. మాట, నడక తిరిగొచ్చాయి. ఒక మధ్యాహ్నం తను కళ్లు మూసుకుని ఉంటే, పక్కన కూర్చుని ఆ కుడిచెయ్యి నా చేతుల్లోకి తీసుకున్నాను. గ్లవుజు లేదు, ఎవరి అడ్డూ లేదు. అరచెయ్యి నిమిరాను. వేళ్లు ఒక్కొక్కటిగా మడిచి తెరిచాను. విరజలో ఉలుకూ పలుకూ లేదు. నిద్రపోయిందేమో అనుకున్నాను. కాసేపటికి కళ్లు తెరిచి కిందికి చూసి, "పట్టుకున్నావా బావా?" అంది.

ఆ చేతికి స్పర్శ పోయింది. కదులుతుంది, పని చేస్తుంది. వేడీ చల్లనా తెలియవు. మళ్లీ రాదన్నారు డాక్టర్లు. చెయ్యి నాకు తిరిగొచ్చింది గానీ, నేను పట్టుకున్న సంగతి దానికి తెలియదు.

ఇంటికొచ్చాక ముకుందంగారు పళ్లు పట్టుకుని పరామర్శకు వచ్చారు. చాలా బాధపడ్డారు. పోతూ పోతూ, "రేపు మావాళ్లొచ్చి తొట్టె తీసుకెళ్తారమ్మా. తప్పు పగడానిది కాదు కదా, చేతిది. ఈసారి పిల్లల్లేని ఇల్లు చూసి ఇంకో చెయ్యి పెట్టి చూద్దాం," అన్నారు.

ఆయన వెళ్లాక విరజ చాలాసేపు తొట్టె ముందు కూర్చుంది. "దీన్ని ఇళ్లలోకి పోనీకూడదు," అంది చివరికి. "మనిషిని మనిషి ముట్టుకోకుండా ఏ ఇల్లుంటాది? నువ్వే చంపీ బావా. నావల్ల కాదు. నీకెలాగూ ఇష్టమైన పనే కదా."

ఏడాదిగా నేను కలగన్నది అదే. అయినా ఆ మాట తన నోట వినేసరికి నాకు సంతోషం కలగలేదు.

"ఉత్తినే పోస్తే మూసుకుపోతాయి," అంది విరజ. "లోపలి విషం అలాగే ఉండిపోతాది. అన్నీ విచ్చుకున్నాక పొయ్యాలి." దూది తీసుకుని తన కుడి అరచేతిని తుడిచింది. ఏమీ తెలియని చేతిని ఎంత మెల్లగా తుడిచిందో! ఆ దూది నా పటకారుకు అందించి లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

కిటికీలన్నీ తెరిచాను. అద్దాలు, ముఖానికి మాస్కు, రెండు జతల గ్లవుజులు. తొట్టె పక్కన బకెట్లో బ్లీచింగు నీళ్లు. బేకరీలో పఫ్‌లు తీసే పటకారుతో దూదిని నీళ్లలో ముంచాను.

ముందు ఒక్క బొత్తాం కదిలింది. తర్వాత దాని పక్కది. ప్రమాదం జరిగినప్పటి నుంచీ ముడుచుకునే ఉన్న రాయంతా ఒక్కసారి రంగెక్కింది. ఆకుపచ్చ, కాషాయం. అన్నీ మెడలు చాచి ఆ దూదివైపు వాలాయి. ఎన్నాళ్ల తర్వాత వచ్చావన్నట్టు దాన్ని నిమిరాయి. అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. విరజ రోజూ చూసింది ఇదేనన్నమాట. కళ్లలో నీళ్లు ఎందుకు తిరిగేవో అప్పుడు తెలిసింది. తెలిశాక నాకు అసూయ ఇంకా ఎక్కువైంది. ఎదురుచూడడంలో దానికీ నాకూ తేడా లేదు. పైగా తను వస్తే నేను మూతి ముడుచుకుని కూర్చునేవాణ్ణి, అది ఒళ్లంతా విచ్చుకునేది.

పోశాను. అది మూసుకోలేదు. చివరిదాకా దూదిని వదల్లేదు. రంగంతా పోయి రాయి సుద్దముక్కలా అయ్యేదాకా నేనక్కడే నిలబడ్డాను. లోపలి గదిలోంచి ఏడుపు వినిపిస్తుందేమోనని చెవి పెట్టాను. ఏ చప్పుడూ రాలేదు.

మర్నాడు సంస్థవాళ్లు తెల్లటి రాయిని డబ్బాలో పెట్టుకుపోయారు. విరజ ఉద్యోగం పోయింది. ఇప్పుడు బేకరీలో కౌంటరు దగ్గర కూర్చుంటోంది. వేడి ట్రేల దగ్గరికి మాత్రం నేను రానివ్వను. కాలినా ఆ చేతికి తెలియదు.

మళ్లీ ఆషాఢం వచ్చింది. తుషార గోరింటాకు తెచ్చింది. నేను రుబ్బాను. విరజ అడక్కుండానే రెండు చేతులూ చాపింది. ఎడమచేతిలో చందమామ పెట్టాను. కుడిచేతిలో పెడుతుంటే, "చల్లగా ఉందా?" అని అలవాటుగా అడిగేశాను. విరజ నా ముఖం చూసి, "ఊఁ, ఉంది," అంది. నా కోసమే అంది.

పొద్దున్నే తుషార తల్లి చేతులు కడిగి, కుడి అరచెయ్యి పట్టుకుని కేక పెట్టింది. "నాన్నా, ఇలా రా! ఎంత ఎర్రగా పండిందో చూడు! నీకు అమ్మంటే ఎంత ఇష్టమో!"

వెళ్లి చూశాను. ఏడాది పొడుగునా నాదిగా ఉన్న ఎడమచెయ్యి ఈసారి కూడా నారింజరంగు దాటలేదు. కుడి అరచెయ్యి మాత్రం మందారంలా పండింది. విరజ ఆ చేతిని వాసన చూసుకుంటూ, తొట్టె తీసేసిన మూలవైపు చూస్తోంది.

ఎవరి ప్రేమకు అంత ఎర్రగా పండిందో నేను అడగలేదు.